నేను పీకేసిన ఎర్ర బల్బు



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మన సహోదరుడొకరు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ నన్ను ఆపారు. "అయ్యగారూ, మా పాత ట్రాక్టరుకి ఏడాదిలో ఇది రెండో బ్యాటరీ. ఇదీ నిలవట్లేదు. మీ జీపుకి కూడా అప్పట్లో ఇట్టాగే అయింది గదా, ఏం చేశారు?" అని అడిగారు. సాయంత్రం మీటరు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. చూస్తే ఫ్యాన్ బెల్టు వదులు. అరగంటలో పని అయిపోయింది. వాళ్లావిడ ఇచ్చిన టీ తాగి ఇంటికొచ్చాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జీపు సంగతి ఆయనకు నేను చెప్పింది సగమే. మిగతా సగం ఆరేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. ఈ రోజు రెండూ రాస్తాను. మొదటి సగం పాత బండి ఉన్న ప్రతివారికీ పనికొస్తుంది. రెండో సగం నేను మీకు బాకీ ఉన్నది.

ఆ జీపు మన మందిరానికి వచ్చేనాటికే ఇరవై ఏళ్లు దాటిన బండి. వాగు అవతలి పల్లె నుంచి ముసలివాళ్లను ఆరాధనకు తేవడం, కూడికలకు షామియానా, మైకు సెట్టు మోయడం, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే పొదిలికో ఒంగోలుకో తీసుకెళ్లడం, అన్నీ దాని మీదే. జీతం లేకుండా దాన్ని నడిపేవాడు మన సంఘంలో ఒక తమ్ముడు. పేరు రాయను. మీలో చాలామందికి తెలుసు.

ఆ ఏడాది ఎండాకాలంలో, బండి నడుస్తుండగా డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్ర లైటు మినుకుమినుకుమనడం మొదలైంది. గట్టిగా వెలగలేదు. గుడ్డి దీపంలాగా సగం వెలుగు. పగలు తెలిసేది కాదు, చీకటి పడితే కనిపించేది. ముందు సీట్లో కూర్చున్నవాళ్లు ఊరుకోరు గదా. "ఏందయ్యగారూ ఆ ఎర్ర లైటు?" అని ఒకరు, "బండికి ఏమన్నా అయిద్దా?" అని ఇంకొకరు. బండి బాగానే నడుస్తోంది, సెల్ఫ్ కొడితే ఎత్తుకుంటోంది. నాలుగోసారి అడిగినప్పుడు నాకు విసుగొచ్చింది. మరుసటి రోజు డ్యాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి, హోల్డరు తిప్పి, ఆ బల్బు పీకేసి ముందు అరలో పడేశాను. లైటు పోయింది. అడిగేవాళ్లూ ఆగిపోయారు.

పది పదిహేను రోజుల తర్వాత ఒక పొద్దున సెల్ఫ్ కొడితే టిక్కుమని ఊరుకుంది. బ్యాటరీ డౌన్. అప్పటికి దానికి మూడేళ్లు నిండాయి, వయసైపోయిందనుకున్నాం. కొత్తది ఆరువేల పైచిలుకు. ఆ డబ్బు ఎక్కడిదో మీకు తెలుసు. మన స్త్రీలు అన్నం వండేటప్పుడల్లా పక్కన తీసిపెట్టే పిడికెడు బియ్యం కానుకది. నాలుగు నెలలు తిరక్కుండానే ఆ కొత్త బ్యాటరీ కూడా పడుకుంది. పొదిలిలో చార్జింగ్ పెట్టించి తెస్తే వారం, పది రోజులు వచ్చేది, మళ్లీ మామూలే.

ఆ రోజుల్లోనే ఆ తమ్ముడు నాతో ఒక మాటన్నాడు. "అయ్యగారూ, తాళం తిప్పితే ఎర్ర లైటు రావట్లేదు. అది రావాల." నేను, "దాన్ని నేనే తీశాలే" అన్నాను. అతను ఇంకేదో చెప్పబోయాడు. నేను వినకుండా లోపలికి వెళ్లిపోయాను.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక జీపు మళ్లీ కదల్లేదు. ముసలివాళ్లు ఎండలో నిలబడ్డారు. అందరూ చుట్టూ ఉండగా నేను ఆ తమ్ముణ్ని, "రాత్రిళ్లు బండిలో కూర్చొని పాటలు వింటున్నావు గదా? బియ్యం కానుక డబ్బులతో కొన్న బ్యాటరీరా అది!" అన్నాను. అతను లేదనలేదు, అవుననలేదు. తాళం తెచ్చి నా చేతిలో పెట్టి, వాళ్లమ్మను వెంటబెట్టుకుని నడిచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆరాధనకు రావడం మానేశాడు.

అతను వెళ్లాక బండి మూడు వారాలు బాగానే నడిచింది. అప్పుడు వరసగా ఒంగోలు పనులు పడి దూరాలు తిరిగాను. బ్యాటరీ డౌన్ కాలేదు. 'చూశావా, వాడే' అని మీ అమ్మగారితో అన్నాను. ఆవిడ జవాబు చెప్పలేదు.

ఆగస్టులో ఒక రాత్రి పదకొండు దాటాక తలుపు కొట్టారు. మన సంఘంలో అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి, తొలి కాన్పు. 108కి ఫోన్ చేద్దామని వాళ్లాయన అన్నాడు. "బండి సిద్ధంగా ఉండగా ఫోన్ ఎందుకు" అన్నది నేనే. అమ్మాయి, వాళ్లమ్మ, మీ అమ్మగారు వెనక కూర్చున్నారు. అబ్బాయి ముందు కూర్చున్నాడు. పొదిలి దాటేసరికి వాన పట్టుకుంది. వైపరు వేశాను. కాసేపటికి అది నిదానంగా ఊగడం మొదలుపెట్టింది. హెడ్‌లైట్లు తెలుపు పోయి పసుపుకొచ్చాయి, పసుపు పోయి నిప్పుకణికల్లా అయ్యాయి. రోడ్డు కనబడలేదు.

పాత డీజిల్ ఇంజనుకి ఒక మంచి గుణం ఉంది. ఒకసారి స్టార్టయితే దానికి కరెంటుతో పనిలేదు. డీజిల్ పంపు ఇంజను తిరుగుడుతోనే పనిచేస్తుంది. కాబట్టి బండి నడుస్తూనే ఉంది, దారే లేదు. వెనక నుంచి ఒక లారీ దాటి ముందుకెళ్లింది. దాని వెనక ఎర్ర లైట్లు పట్టుకుని, అవి ఎటు తిరిగితే అటు తిప్పుకుంటూ చీమకుర్తి దాకా వెళ్లాను. ఆ దూరం ఎంతసేపు నడిపానో తెలియదు. వెనక సీట్లో ఆ పిల్ల మూలుగుతున్నప్పుడల్లా నా చేతులు వణికాయి. చీమకుర్తిలో ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర ఇంజను ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే టిక్కుమని కూడా అనలేదు.

ఆ అబ్బాయి అప్పుడు 108కి ఫోన్ చేశాడు. బండి వచ్చింది. ఆడవాళ్లు ముగ్గురూ, ఆ అబ్బాయీ ఒంగోలు వెళ్లిపోయారు. తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టిందని, తల్లీబిడ్డా క్షేమమని ఫోన్ వచ్చింది. ఆ పిల్లే ఇప్పుడు సండే స్కూల్లో ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా పాడుతోంది. దేవునికి స్తోత్రం. కానీ ఆ ఫోన్ వచ్చేదాకా నేను జీపులో ఒక్కణ్నే కూర్చుని ఎలా ఉన్నానో దేవునికే తెలుసు.

చీమకుర్తి గ్రానైటు ఊరు. రాత్రీ పగలూ రాయి లారీలు తిరుగుతుంటాయి, రోడ్డు పక్కన ఆటో ఎలక్ట్రికల్ షాపులకు కొదవ లేదు. తెల్లవారాక ఇద్దరు కుర్రాళ్లు జీపును ఒక షాపు దాకా తోశారు. షాపు ఆయన ముస్లిం, అరవై పైబడినవాడు. అందరూ భాయ్ అంటున్నారు, నేనూ అలాగే పిలిచాను. "భాయ్, ఒక బ్యాటరీ వెయ్యండి, ఇది పోయింది" అన్నాను. ఆయన బ్యాటరీ వైపు చూడనే లేదు. సీట్లో కూర్చుని తాళం తిప్పి డ్యాష్‌బోర్డు చూశాడు. దీన్ని కొంచెం చార్జింగ్ పెట్టమని కుర్రాడికి చెప్పి, తర్వాత మళ్లీ తాళం తిప్పి చూశాడు. "పాస్టర్ గారూ, ఎర్ర లైటు ఏదీ?" అన్నాడు. నేను అర తెరిచి బల్బు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన బల్బు వైపు చూసి, నా వైపు చూశాడు. ఏమీ అనలేదు.

ఆ పూట ఆయన నాకు నేర్పింది మీకు చెబుతాను.

బ్యాటరీ నీళ్ల తొట్టి లాంటిది. బోరు మోటారు ఆల్టర్నేటరు. బ్యాటరీ పని ఇంజనును లేపడం వరకే. లేచాక ఇంజను బెల్టుతో ఆల్టర్నేటరును తిప్పుతుంది. లైట్లకు, వైపరుకు, హారనుకు కరెంటు అదే ఇచ్చి, మిగిలింది తొట్టి నింపుతుంది. మోటారు పోయకపోతే ఎంత కొత్త తొట్టి అయినా ఖాళీ అవుతుంది. రెండు హెడ్‌లైట్లే తొమ్మిది, పది ఆంపియర్లు లాగుతాయి. మళ్లీ మళ్లీ అడుగంటిన బ్యాటరీ లోపల పలకలు పాడైపోతాయి. అందుకని బ్యాటరీలు పోవడం నిజమే, కానీ అవి పోవడం జబ్బు కాదు, జబ్బు వల్ల వచ్చిన ఫలితం.

కొత్త బ్యాటరీకి డబ్బులు తీసేముందు మీటరుతో రెండు సార్లు చూడాలి. మామూలు డిజిటల్ మల్టీమీటరు కొన్ని వందల్లో వస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ రెండు కొసల మీద పెడితే, పూర్తిగా ఎక్కిన 12 వోల్టుల బ్యాటరీ 12.6 దగ్గర చూపిస్తుంది. 12.2 అంటే దాదాపు సగం. 12 లోపు అంటే అడుగంటినట్టే. తర్వాత ఇంజను స్టార్ట్ చేసి, కొంచెం రేసు ఇచ్చి మళ్లీ చూడాలి. ఇప్పుడు సుమారుగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. ఇంజను నడుస్తున్నా 12 దగ్గరే ఉండి దిగిపోతుంటే చార్జింగ్ లేదు. 15 దాటితే రెగ్యులేటరు పోయింది, బ్యాటరీలో నీళ్లు ఉడికిపోతాయి. హెడ్‌లైట్లు వేసి కూడా చూడాలి. బరువు పడ్డప్పుడు పడిపోతే ఎక్కడో బలహీనం ఉన్నట్టు.

చార్జింగ్ లేదని తేలితే వెంటనే ఆల్టర్నేటరు విప్పకూడదు. ముందు కంటితో, చేత్తో చూడాల్సినవి ఉన్నాయి. ఇంజను ఆపి, ఫ్యాన్ బెల్టును రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం లోపలికి పోవాలి. అంతకంటే పోతే వదులు. బెల్టు లోపలి పక్క గాజులా మెరుస్తుంటే జారుతోందని అర్థం. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా బూజులాంటిది పట్టి ఉంటే, తీగలు విప్పి వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో కడగాలి. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోనియ్యకూడదు. ఆరాక బిగించి వాజలైన్ రాయాలి. విప్పేటప్పుడు ముందు మైనస్ విప్పాలి, బిగించేటప్పుడు మైనస్ చివరికి బిగించాలి. ఆ తర్వాత ఎర్త్ తీగలు, బ్యాటరీ నుంచి ఛాసిస్‌కి ఒకటి, ఇంజను నుంచి ఛాసిస్‌కి ఒకటి. పాత బండ్లలో ఇవి తుప్పుపట్టి, చూడ్డానికి బిగుతుగానే ఉంటాయి గానీ కరెంటును పోనియ్యవు.

దానికీ మీటరుతో ఒక పరీక్ష ఉంది. ఇంజను నడుస్తుండగా లైట్లు వేసి, మీటరు ఒక తీగ ఆల్టర్నేటరు ఒంటి మీద, రెండోది బ్యాటరీ మైనస్ మీద పెట్టాలి. 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టు. అలాగే ఆల్టర్నేటరు వెనక లావు తీగ బిగించే బోల్టు మీద ఒకటి, బ్యాటరీ ప్లస్ మీద ఒకటి. అక్కడ అర వోల్టు దాటకూడదు. భాయ్ మా జీపుకి అక్కడ పెట్టగానే తల ఊపాడు. రెండు వోల్టుల పైనే తేడా ఉంది. ఇంజను ఆపి, బ్యాటరీ తీగ తీసి, రబ్బరు టోపీ వెనక్కి లాగి చూపించాడు. నట్టు వదులై, తీగ చివరి లగ్గు నల్లగా మాడిపోయి ఉంది.

"మీ లైటు ముందు గుడ్డిగా వెలిగింది గదా?" అన్నాడు. వెలిగిందన్నాను. "ఇదే చెప్పింది అది. అటు వోల్టేజీ, ఇటు వోల్టేజీ సమానమైతే ఆ లైటు ఆరిపోవాల. మధ్యలో దారి చెడితే తేడా వచ్చి సగం వెలుగుతుంది. అప్పుడే వచ్చుంటే పది నిమిషాల పని."

తర్వాత బల్బు సంగతి చెప్పాడు. ఇది నాకు అసలు తెలియదు. ఎర్ర లైటంటే కేవలం మనకు చెప్పే దీపమే అనుకున్నాను. చాలా పాత బండ్లలో ఆ బల్బు గుండానే ఆల్టర్నేటరుకి తొలి కరెంటు వెళుతుందట. మన వీధి చేతిపంపు గుర్తుందా? వాషరు ఎండిపోతే ఎంత కొట్టినా నీళ్లు రావు. పైన ఒక చెంబెడు నీళ్లు పోసి కొడితే అందుకుంటుంది. ఆల్టర్నేటరు కూడా అంతే. తాళం తిప్పగానే బల్బు గుండా వెళ్లే ఆ కొద్ది కరెంటు లోపల అయస్కాంతాన్ని లేపుతుంది. ఇంజను తిరిగాక అది తన కరెంటు తానే పుట్టించుకుంటుంది, అప్పుడు లైటు ఆరిపోతుంది. ఆ చెంబెడు నీళ్లను నేను పీకి అరలో పడేశాను.

అందుకే ఒకరోజు ఎక్కేది, ఒకరోజు ఎక్కేది కాదు. ఒంగోలు రోడ్డు మీద బండి వేగంగా పరుగెత్తితే లోపల మిగిలి ఉన్న కొద్దిపాటి అయస్కాంతంతోనే ఆల్టర్నేటరు అందుకునేది. ఊళ్లో, పల్లెల్లో నిదానంగా తిరిగితే అందుకునేది కాదు. ఆ తమ్ముడు నడిపిందంతా పల్లెల్లోనే. నేను తిరిగిన ఆ మూడు వారాలూ పెద్ద రోడ్డు. ఇక ఆ వాన రాత్రికి నట్టు దగ్గర పూర్తిగా మాడిపోయి, పుట్టిన కరెంటు కూడా బ్యాటరీకి చేరలేదు.

కాబట్టి తాళం తిప్పగానే ఎర్ర లైటు వెలగాలి, ఇంజను లేవగానే ఆరాలి. రెండూ జరగాలి. తాళం తిప్పినా వెలగకపోతే బల్బో, తీగో, లోపల కార్బన్ బ్రష్షులో చూడాలి. బల్బు మార్చేటప్పుడు పాతదానికి ఎన్ని వాట్లుంటే అన్నే వెయ్యాలి. సన్నని ఎల్‌ఈడీ వేస్తే సరిపడా కరెంటు పోకపోవచ్చు. ఇంకో జాగ్రత్త, చార్జింగ్ ఉందో లేదో చూడ్డానికి ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకే అలవాటు కొందరికి ఉంది. డైనమో బండ్ల కాలం నాటి అలవాటది. ఆల్టర్నేటరు బండికి అలా చేస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి లోపల డయోడ్లు కాలిపోతాయి. చేయకండి.

భాయ్ లగ్గు కొత్తది వేసి, బోల్టును ఎమరీ కాగితంతో రుద్ది, నట్టు బిగించి, నేను పీకిన బల్బునే తిరిగి పెట్టాడు. తాళం తిప్పాడు, ఎర్రగా వెలిగింది. స్టార్ట్ చేశాడు, ఆరిపోయింది. మీటరు 14.1 చూపించింది. ఆయన తీసుకున్నది మూడు వందలు. "బ్యాటరీ ఇంకొన్నాళ్లు వస్తుంది. కొనకండి" అన్నాడు.

ఇది మొదటి సగం.

రెండో సగం ఇది. చీమకుర్తి నుంచి తిరిగి వస్తుంటే నాకు ఆ లైటు కంటే ఆ తమ్ముడి మాటే చెవిలో ఉంది. "అది రావాల." అతనికి తెలుసు. చెప్పబోయాడు. వాడు బండిలో పాటలు వినలేదు. నాకు బ్యాటరీ చచ్చిపోవడానికి ఒక కారణం కావాలి, ఎదురుగా వాడు ఉన్నాడు, అంతే. ఆ రోజే వాళ్లింటికి వెళ్లి ఉండాల్సింది. వెళ్లలేదు. ఇవాళ కాదు రేపు అనుకుంటూ మూడు వారాలు గడిపాను. వాళ్ల వీధిలో నుంచి వెళ్లాల్సిన పని పడితే చుట్టు తిరిగి వెళ్లాను.

చివరికి ఒక సాయంత్రం వెళ్లాను. వాళ్లమ్మ మంచం వాల్చింది. "నాయనా, తప్పు నాది. నువ్వు చెప్పింది నేను వినలేదు. నీ మీద లేని మాట అన్నాను. క్షమించు" అన్నాను. చాలాసేపు అతను తల ఎత్తలేదు. తర్వాత, "బల్బు వేశారా అయ్యగారూ?" అని అడిగాడు. వేశానన్నాను. "తాళం తిప్పితే వెలుగుతుందా?" "వెలుగుతోంది." "మంచిది" అన్నాడు.

అతను మళ్లీ ఆరాధనకు వస్తున్నాడు. వెనక గోడ దగ్గర కూర్చుంటాడు. జీపు తాళం మాత్రం మళ్లీ తీసుకోలేదు. నేనూ అడగలేదు.

ఇక్కడ మీకు నా బాకీ ఉంది. నేను అతన్ని అన్నది మీ అందరి ముందు. క్షమించమని అడిగింది ఒక ఇంట్లో, వాళ్లమ్మ ముందు. మీలో కొందరు ఇప్పటికీ అతనే ఆ బ్యాటరీ పాడుచేశాడని అనుకుంటున్నారని నాకు తెలుసు. మొన్నీమధ్య పిల్లల మాటల్లో కూడా విన్నాను. విని ఊరుకున్నాను. పదిమందిలో పోయిన మాట నలుగురిలో తిరిగి రాదని తెలిసి కూడా ఆరేళ్లు ఊరుకున్నాను. ఇది రాయడానికి ముందు వెళ్లి అతని అనుమతి అడిగాను. "మీ ఇష్టం అయ్యగారూ" అన్నాడు. అతను బ్యాటరీ పాడుచేయలేదు. బియ్యం కానుక డబ్బు వృథా చేసింది నేను. వచ్చే ఆదివారం ఇదే మాట మందిరంలో నిలబడి మీ అందరి ముందు నా నోటితో చెబుతాను.

వాక్యంలో ఇద్దరు రాజులు నాకు ఈ మధ్య తరచు గుర్తొస్తున్నారు. దావీదు దగ్గరికి నాతాను వచ్చి ఒక పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పి, ఆ మనిషివి నువ్వేనని ముఖం మీద అన్నాడు. దావీదు ఆ ప్రవక్తను బయటికి గెంటించలేదు, పాపం చేశానని ఒప్పుకున్నాడు. అహాబు దగ్గర మీకాయా ఉన్నాడు. ఆ ప్రవక్త తన గురించి ఎప్పుడూ మంచి చెప్పడని అహాబుకు కోపం. నాలుగు వందలమంది ప్రవక్తలు వెళ్లు, గెలుస్తావు అంటుంటే, మీకాయా ఒక్కడే వద్దన్నాడు. రాజు అతన్ని చెరసాలలో వేయించి యుద్ధానికి వెళ్లాడు. అక్కడి నుంచి ప్రాణాలతో తిరిగి రాలేదు. నేను ఇన్నేళ్లూ ఆ అధ్యాయం మీద ప్రసంగాలు చేశాను. నా జీపు అరలో ఎర్ర బల్బు పడేసి ఉన్న రోజుల్లో కూడా చేశాను.

మనందరి ఇళ్లలో ఇలాంటి లైటు ఒకటి ఉంటుంది. తాగొద్దని గొణిగే తల్లి, అప్పు చేయొద్దని ఆపే భార్య, లెక్క చూపించమని అడిగే సంఘ పెద్ద, వెనక నుంచి "అది రావాల" అనే కుర్రవాడు. వాళ్ల మాట మనకు గుచ్చుకుంటుంది. నోరు మూయిస్తే ఇంట్లో కాసేపు ప్రశాంతంగా ఉంటుంది. భాయ్ చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది, ఆ మాట మనల్ని భయపెట్టడానికే కాదు. మనలో ఆరిపోయినదాన్ని మళ్లీ లేపే చెంబెడు నీళ్లు కూడా అందులోనే ఉన్నాయి. అది తీసేశాక ఎన్ని కొత్త తీర్మానాలు, ఎన్ని కొత్త బ్యాటరీలు తెచ్చినా నాలుగు నెలలే.

ట్రాక్టరు ఉన్న సహోదరుడికి, పాత ఆటోలు, పాత జీపులు నడుపుకుంటున్న మన తమ్ముళ్లకు ఒక మాట. రేపు పొద్దున బండి తీసేటప్పుడు వెంటనే సెల్ఫ్ కొట్టకండి. తాళం ఒక్క మెట్టు తిప్పి ఆగండి. ఎర్ర లైటు వెలిగిందా చూడండి. వెలగకపోతే ఎవరు పీకారని అడిగే ముందు అర తెరిచి చూడండి.

ప్రభువా, నాకు ఇష్టంలేని మాట చెప్పేవాళ్లను నా దగ్గర నుంచి తీసివేయకు. వాళ్ల నోరు మూయించే అధికారం నా చేతిలో ఉన్నప్పుడు నా చెయ్యి పట్టుకో. నేను అన్యాయంగా అన్న మాటను, ఎక్కడ అన్నానో అక్కడే వెనక్కి తీసుకునే ధైర్యం ఇవ్వు. ఆమేన్.

ఆదివారం కలుద్దాం.